ఇంటర్ తోనే ఎన్డీఏనా, ఫైనలియర్ లో ఏఎఫ్‌క్యాటా: డిగ్రీ చేతికి రాకముందే పైలట్ కి పెట్టాలనుకునే మన సీమ పిల్లోళ్ళకి

మొన్న ఆదివారం మా అక్క కొడుకు ఫోన్ చేసి, మామా నేను ఎయిర్‌ఫోర్స్ లో పైలట్ అవుతా, డిగ్రీ అయ్యేదాకా ఆగాల్నా ఇప్పుడే పెట్టొచ్చా అని అడిగినాడు. వాడు అనంతపురంలో ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. వెనక నుంచి మా బావ గొంతు, ముందు ఎంసెట్ సంగతి చూడమను వాన్ని అని. ఇది ఫోన్లో పది నిమిషాల్లో తెగే విషయం కాదప్పా, అందుకే కూర్చొని రాస్తాండా, కర్నూల్లోనో కడపలోనో ఇదే డౌట్ తో ఉన్న ఇంకొకరికి కూడా పనికొస్తాదని.

ముందే చెప్పేస్తా, నేను పైలట్ కాలేదు. కాలేకపోయినోడు చెప్తే ఏం వినాల అనుకోవద్దు, యాడ తలుపు మూసుకుంటాదో తగిలి చూసినోన్ని. ఆ కథ కొంచెం కింద వస్తాది.

డిగ్రీ కంటే ముందు పెట్టడం అని అందరూ ఒకటే మాటగా అంటారు గానీ అందులో రెండు వేరే వేరే దారులు ఉన్నాయి. ఒకటి ఇంటర్ తోనే పోయేది, ఎన్డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ. రెండోది డిగ్రీ ఆఖరు ఏడాదిలో ఉండంగానే, పట్టా రాకముందే పెట్టేది, ఏఎఫ్‌క్యాట్ (ఎయిర్‌ఫోర్స్ కామన్ అడ్మిషన్ టెస్ట్), సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష). ఎన్డీఏకి వయసు 16న్నర నుంచి 19న్నర లోపల, మిగతా రెండిటికీ ఫ్లయింగ్, అంటే పైలట్ బ్రాంచి అయితే 20 నుంచి 24. వయసు లెక్క మీరు ఫారం నింపే రోజుది కాదు, కోర్సు మొదలయ్యే తేదీది, ఏ తేదీ నుంచి ఏ తేదీ మధ్య పుట్టి ఉండాలో నోటిఫికేషన్ లోనే రాసి ఉంటాది, అది ఒక్కటి చూసుకుంటే చాలు. ఇంకో విషయం గమనించండి, 19న్నర దాటి ఫైనలియర్ కి రాని పిల్లోళ్ళకి, అంటే బీటెక్ సెకండియర్ థర్డియర్ వాళ్ళకి, ఆ మధ్యలో ఫ్లయింగ్ కి దారే లేదు. ఆ టైంలో కాలేజీ మానేసి యాడో కోచింగ్ లో చేరతా అనేవాళ్ళని చూసినా నేను, వాళ్ళు రాయడానికి అప్పుడు పరీక్షే లేదు, దేనికి కోచింగ్ అని అడిగితే జవాబు రాదు.

ఎన్డీఏ సంగతి మొదట చూద్దాం. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది, మామూలుగా ఏప్రిల్ లో ఒకటి సెప్టెంబర్ లో ఒకటి. ఎయిర్‌ఫోర్స్ కావాలంటే ఇంటర్ లో ఫిజిక్స్ కెమిస్ట్రీ మ్యాథ్స్ ఉండాల, ఎంపీసీ వాళ్ళకి ఇబ్బంది లేదు, సెకండియర్ చదువుతా ఉండంగానే రాయొచ్చు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఉండేవాళ్ళు పీయూసీ సెకండియర్ లో ఉన్నప్పుడే రాసుకోవచ్చు, ఆరేళ్ళ సీటు వచ్చేసింది కదా అని చాలామంది అటు చూడరు. పేపర్లు రెండు, మ్యాథ్స్ 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600, ఒక్కోటి రెండున్నర గంటలు, తప్పు రాస్తే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. యూపీఎస్సీ సెంటర్ల లిస్టులో అనంతపురం కూడా ఉంది కాబట్టి హైదరాబాద్ పోయి లాడ్జి వెతుక్కునే పని తప్పుతాది.

మన పిల్లోళ్ళకి మ్యాథ్స్ పెద్ద కథ కాదు. త్రికోణమితి, మాత్రికలు, కలనం, సంభావ్యత, అంతా ఇంటర్ లో చేసిందే, ఎంసెట్ స్పీడ్ ఉన్నోడు 120 ప్రశ్నలు లాగించేస్తాడు. దెబ్బ తినేది రెండో పేపర్ లో. అందులో ఇంగ్లిషే 200 మార్కులు, మిగతా 400 కి ఫిజిక్స్ కెమిస్ట్రీతో పాటు చరిత్ర, భూగోళం, కరెంట్ అఫైర్స్. రెండేళ్ళు హాస్టల్లో పేపర్ ముఖం చూడకుండా పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లలో కూర్చొన్న పిల్లోడు ఒక్కసారిగా పార్లమెంట్ గురించి, రుతుపవనాల గురించి అడిగితే ఏం రాస్తాడు. కలికిరి సైనిక్ స్కూల్లో ఆరో తరగతి నుంచి చదివేవాళ్ళకి ఈ గాలి ముందు నుంచే తగులుతాది, మామూలు కార్పొరేట్ కాలేజీ పిల్లోనికి రోజూ ఒక అరగంట ఇంగ్లిష్ పేపర్ చదవడం తప్ప అడ్డదారి లేదు.

సీట్లు ఎన్ని అంటే, ఎన్డీఏలో ఒక్కో విడతలో ఎయిర్‌ఫోర్స్ కి 120, అందులో ఫ్లయింగ్ కి 92. రాత పరీక్ష 900, ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ ఇంకో 900. అంటే సగం బరువు ఆ ఐదు రోజుల బోర్డు మీదే ఉంది. ఎంపికైతే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్ళు, ఆ చదువుకి జేఎన్‌యూ డిగ్రీ ఇస్తారు, తర్వాత హైదరాబాద్ పక్కన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఫ్లయింగ్ ట్రైనింగ్. ముందే పోతే పిల్లోని చదువు ఆగిపోతాది అని మా బావ భయం. ఆగదు. 2025 లో అంతరిక్ష కేంద్రానికి పోయొచ్చిన శుభాంశు శుక్లా కూడా ఎన్డీఏ నుంచే పోయి పైలట్ అయినాయన, తర్వాత బెంగళూరు ఐఐఎస్సీలో ఎంటెక్ కూడా చేసినాడు.

ఇప్పుడు నా కథ.

నేను ఇంటర్ అయినాక ఎన్డీఏ రాసినా, రాత పరీక్ష అయిపోయింది, మైసూరు బోర్డుకి పిలుపొచ్చింది. ధర్మవరంలో రైలెక్కి బెంగళూరులో మారి పోయినా, మా నాయిన కొత్త బూట్లు కొనిచ్చినాడు, అవి కరిచి గ్రౌండ్ టాస్కుల్లో కుంటుతానే పరిగెత్తినా. ఐదు రోజులయినాక పేరు చదివినారు, రెకమెండెడ్. నేను, ఇంకో ఇద్దరు. ఆ రాత్రి నిద్ర యాడిది, ఊరంతా ఫోన్లు చేసుకుంటా, ముగ్గురం తెల్లార్లూ కబుర్లు. ఆ తర్వాత సీపీఎస్ఎస్ అని ఒక పరీక్ష ఉంది, ఫ్లయింగ్ కి పనికొస్తావా లేదా అని కంప్యూటర్ మీద చూసేది. విమానంలో ఉండే గడియారాల లాంటి ఇన్‌స్ట్రుమెంట్లు, ఎత్తు, వేగం, దిశ, ఏటవాలు, అవన్నీ చూసి విమానం ఏ తీరులో పోతాందో చెప్పాల, ఇంకో భాగంలో చేతులు కాళ్ళు రెండూ కలిపి స్క్రీన్ మీద బొమ్మని అదుపులో పెట్టాల. ముందుగా ఒక చిన్న పుస్తకం ఇస్తారు, చదువుకోమని. నేను దాన్ని తిరగేసినా, చదవలేదు. వీడియో గేములు ఆడినోన్ని, ఇదెంత అనుకున్నా. పోయింది.

పోతే పోయింది మళ్ళీ రాద్దాం అనుకొని బీటెక్ లో చేరినా. నాలుగేళ్ళు ఏఎఫ్‌క్యాట్ గురించే కలలు, రోజూ పొద్దున పీటీసీ గ్రౌండ్ లో రన్నింగ్. ఫైనలియర్ లో నోటిఫికేషన్ మొత్తం కూర్చొని చదివితే అప్పుడు కనపడింది ఆ లైను, సీపీఎస్ఎస్ లో ఒకసారి ఫెయిలైనోళ్ళు ఫ్లయింగ్ బ్రాంచికి ఇంక అర్హులు కారు. జీవితానికి ఒక్కసారే ఆ పరీక్ష. ఎన్డీఏ దారిలో పోయిందా, ఏఎఫ్‌క్యాట్ దారిలో పోయిందా అని చూడరు, నేవీ పైలట్ కి కూడా అదే అడ్డం. నేను ఇంటర్ లో డబ్బులిచ్చి చేరిన కోచింగ్ లో సారు మూడు నెలలు మాకు నడక, మాట, టై ముడి అన్నీ నేర్పించినాడు, ఈ ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన్ని అనేదేముంది, పదహారు పేజీలో ఇరవై పేజీలో ఉన్న నోటిఫికేషన్ ని నేనూ చదవలేదు.

కాబట్టి ముందా తర్వాతా అని తేల్చుకునేటప్పుడు మీరు తూకం వెయ్యాల్సింది ఇది. రాత పరీక్షలు వయసు ఉన్నంతకాలం ఎన్నిసార్లైనా రాసుకోవచ్చు. ఎస్ఎస్‌బీలో పోతే మళ్ళీ పోవచ్చు, ఆరేడు సార్లు పోయి సాధించినోళ్ళు ఉన్నారు. సీపీఎస్ఎస్ మాత్రం ఒక్క తూటా. ఎన్డీఏ అంటే ఆ తూటాని పద్దెనిమిదేళ్ళకి వాడటం, ఏఎఫ్‌క్యాట్ అంటే ఇరవై రెండేళ్ళకి వాడటం. అట్లని ఎన్డీఏకి పోవద్దు అని నేను చెప్పను, బోర్డు రెకమెండ్ చేస్తేనే కదా ఆ పరీక్ష దాకా పోయేది, అంత దూరం పోగలిగిన పిల్లోడు భయపడి ఆగాల్సిన పని లేదు. ఆ పుస్తకం మూడుసార్లు చదివి, ఫోన్ ఆఫ్ చేసి, రాత్రి తొమ్మిదికి పడుకుంటే చాలు. ఇంటికాడ ఉన్నప్పుడే ఆ ఇన్‌స్ట్రుమెంట్ల బొమ్మలు చూసి చదవడం ప్రాక్టీస్ చేస్తే ఇంకా మంచిది, ఆల్టిమీటర్ లో పొడుగు ముల్లు ఏంది పొట్టి ముల్లు ఏంది అని బోర్డుకి పోయినాక తెలుసుకునే పరిస్థితి ఉండగూడదు.

ఇంక ఏఎఫ్‌క్యాట్. దీన్ని ఎయిర్‌ఫోర్సే నడుపుతుంది, ఏడాదికి రెండుసార్లు. ఏ డిగ్రీ అయినా సరే 60 శాతం ఉండాల, బీఏ బీకాం అయినా పర్వాలేదు, కానీ ఇంటర్ లో మ్యాథ్స్ ఫిజిక్స్ ఉండి ఒక్కోదాంట్లో 50 శాతం వచ్చుండాల. 100 ప్రశ్నలు, 300 మార్కులు, రెండు గంటలు, తప్పుకి ఒక మార్కు పోతాది. లెక్కలు పదో తరగతి లెవెల్ లోనే ఉంటాయి, ఇంగ్లిష్, రీజనింగ్, జీకే. ఎన్డీఏ కంటే పేపర్ తేలికే, ఆ మాట నిజం, కానీ ఫ్లయింగ్ ఖాళీలు పదుల్లోనే ఉంటాయి కాబట్టి కటాఫ్ దాటడం ఒకటి, చివరి మెరిట్ లో నిలబడటం ఇంకొకటి. దీంట్లో ఫ్లయింగ్ కి వచ్చేది షార్ట్ సర్వీస్, 14 ఏళ్ళు, పెన్షన్ ఉండదు. ఎన్డీఏ, సీడీఎస్ ద్వారా పోతే పర్మనెంట్ కమిషన్, అంటే రిటైర్మెంట్ దాకా ఉద్యోగం. ఇరవై ఏళ్ళ పిల్లోనికి పెన్షన్ మాట ఎక్కదు గానీ, ముప్పై ఎనిమిదేళ్ళకి యూనిఫాం విప్పేసి బయటికి రావడం అనేది ఇంట్లో కూర్చొని మాట్లాడుకోవాల్సిన సంగతే. కొంతమంది అప్పుడు సివిల్ ఎయిర్‌లైన్స్ కి పోతారు, అది వేరే దారి.

ఫైనలియర్ లో పెట్టేవాళ్ళు టైం లెక్క అర్థం చేసుకోవాల. ఫిబ్రవరి ప్రాంతంలో పరీక్ష రాస్తే కోర్సు మొదలయ్యేది మళ్ళీ ఏడాది జనవరిలో, ఆగస్టులో రాస్తే మళ్ళీ ఏడాది జులైలో. అంటే డిగ్రీ అయ్యేదాకా ఆగి, పట్టా తీసుకొని, అప్పుడు పెడితే ఊరికే ఒక ఏడాది పోయినట్టే. 24 కి తలుపు మూసుకునే ఉద్యోగంలో ఒక ఏడాది అంటే రెండు ప్రయత్నాలు. కాబట్టి బీటెక్ ఫైనలియర్ మొదలైన రోజు నుంచి పెట్టడమే, ఇందులో రెండో ఆలోచన నాకైతే లేదు. అయితే షరతు ఉంది, అప్పటికి బ్యాక్‌లాగ్ ఉండగూడదు, చెప్పిన తేదీ లోపల డిగ్రీ సర్టిఫికెట్ చూపించాల. మన యూనివర్సిటీల్లో ఆఖరు సెమిస్టర్ రిజల్ట్ ఎప్పుడొస్తాదో, ప్రొవిజనల్ ఎప్పుడిస్తారో, ఆ క్లర్క్ ఎప్పుడు సీట్లో ఉంటాడో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. థర్డియర్ లో ఒక సప్లీ పెట్టుకొని తర్వాత చూసుకుందాంలే అనుకున్నోడు ఈడనే ఇరుక్కుంటాడు. ఇంకోటి, సీజీపీఏని శాతంలోకి మార్చే లెటర్ కాలేజీ నుంచి ముందే రాయించి పెట్టుకోండి, బోర్డులో అడుగుతారు.

సీడీఎస్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. యూపీఎస్సీదే, ఏడాదికి రెండుసార్లు, ఇంగ్లిష్ జీకే మ్యాథ్స్ వందేసి మార్కులు, ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి 32 సీట్లు, ఫైనలియర్ వాళ్ళు రాయొచ్చు. ఏఎఫ్‌క్యాట్ కి చదివిన చదువే దీనికీ సగం పనికొస్తాది కాబట్టి రెండూ కలిపి రాయడమే. పర్మనెంట్ కమిషన్ కావాలనే పట్టుదల ఉన్నోడు దీన్ని ముందు పెట్టుకుంటాడు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ సీ సర్టిఫికెట్ ఉంటే రాత పరీక్ష లేకుండానే నేరుగా బోర్డుకి పోయే దారి ఉంది, కానీ మన కాలేజీల్లో ఎక్కువ ఉండేది ఆర్మీ వింగే, అది ఈ స్పెషల్ ఎంట్రీకి లెక్కలోకి రాదు.

నేవీని మన వైపు ఎవరూ తలుచుకోరు, సముద్రం లేని సీమ కదా. కానీ బీటెక్ ఫైనలియర్ పిల్లోళ్ళకి నేవీలో షార్ట్ సర్వీస్ పైలట్ ఎంట్రీ ఉంది, రాత పరీక్ష లేదు, ఐదో సెమిస్టర్ వరకు వచ్చిన మార్కులు చూసి ఎస్ఎస్‌బీకి పిలుస్తారు. మొదటి నుంచి మార్కులు బాగుండి, జీకే అంటే భయపడే పిల్లోనికి ఇది మంచి మార్గం. ఈ ముక్క చదివి ఫస్టియర్ నుంచే మార్కుల మీద పడితే ఏ దారిలో పోయినా నష్టం లేదు.

అసలు వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఒళ్ళు. పుస్తకాలు కొనకముందు, కోచింగ్ ఫీజు కట్టకముందు. ఫ్లయింగ్ కి ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాల. అది సరే అందరికీ తెలుసు, తెలియనిది ఏందంటే కాళ్ళ పొడవు 99 నుంచి 120 మధ్య, తొడ పొడవు 64 కి మించగూడదు, కూర్చుంటే ఎత్తు 81.5 నుంచి 96 మధ్య. కాక్‌పిట్ లో పెడల్ అందాల, ఎమర్జెన్సీలో సీటుతో పాటు బయటికి ఎగిరినప్పుడు మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగలగూడదు, అందుకని ఆ లెక్కలు. గోడకి ఆనుకొని నేల మీద కూర్చొని, తల మీద పుస్తకం పెట్టి గీత గీసి టేపుతో కొలుచుకోండి, అచ్చం వాళ్ళ కొలత రాకపోయినా దగ్గరలో తెలుస్తాది. ఆరడుగుల రెండంగుళాల పిల్లోడు ఒకడు తొడ పొడవు ఎక్కువై వెనక్కి రావడం నేను చూసినా, పొడుగు ఉంటే ప్లస్ అనుకుంటాం కదా.

కండ్ల దగ్గర ఈ ముందా తర్వాతా అనే ప్రశ్నకి సగం జవాబు దానంతట అదే దొరుకుతాది. మైనస్ సైటు ఉంటే ఎన్డీఏ నుంచి ఫ్లయింగ్ కుదరదు, లేజర్ ఆపరేషన్ చేయించుకొని పోయినా ఎన్డీఏలో తీసుకోరు. అదే ఏఎఫ్‌క్యాట్ దారిలో, 20 ఏళ్ళు నిండినాక లాసిక్ చేయించుకొని, కనీసం 12 నెలలు గడిచి, కార్నియా మందం 450 మైక్రాన్లకి తగ్గకుండా, ఇంకా కొన్ని కొలతలు సరిపోతే ఒప్పుకునే రూల్ పెట్టినారు. అంటే కళ్ళజోడు పెట్టుకున్న పిల్లోనికి ఆగడమే దారి, ఎన్డీఏ కోసం ఒక ఏడాది డ్రాప్ తీసుకొని చదివితే ఆఖర్లో మెడికల్ లో ఏడుపు తప్ప ఏం లేదు. పద్దెనిమిదేళ్ళకే తొందరపడి లాసిక్ చేయించుకుంటే ఉన్న రెండో దారి కూడా పాడైపోతాది, ఇది మాత్రం గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోతే ఏ దారిలోనూ ఫ్లయింగ్ లేదు. కర్నూల్ లో ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది, ఒక పూట పోయి సైటు, రంగుల పరీక్ష రెండూ చూపించుకొని వస్తే ఏళ్ళ తరబడి కట్టుకునే కోటలు కూలకుండా ఉంటాయి.

అమ్మాయిల సంగతి వేరేగా చెప్పాల. సుప్రీంకోర్టు 2021 లో ఎన్డీఏ పరీక్షకి అమ్మాయిల్ని అనుమతించమన్నాక 2022 లో మొదటి బ్యాచ్ చేరింది, 2025 లో 17 మంది బయటికొచ్చినారు. సంతోషమే, కానీ ఈమధ్య నోటిఫికేషన్లు చూస్తే ఎన్డీఏ ఫ్లయింగ్ 92 లో అమ్మాయిలకి 2. రెండంటే రెండే. సీడీఎస్ లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ సీట్లు మగపిల్లోళ్ళకే. కాబట్టి అమ్మాయిలకి నిజంగా తెరిచి ఉన్న తలుపు ఏఎఫ్‌క్యాట్ దే, 2016 లో దుండిగల్ నుంచి మన దేశంలో మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చిన అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ముగ్గురూ డిగ్రీ తర్వాత పోయినవాళ్ళే. ఎన్డీఏ రాయొద్దు అనడం లేదమ్మా, రాయండి, ఆ అనుభవం ఫైనలియర్ లో పనికొస్తాది, కానీ ఇంటర్ అయినాక దాని కోసమని ఏడాది ఇంట్లో కూర్చోవద్దు. పెళ్ళి మాట ఎత్తే పెద్దోళ్ళకి ఒకటి చెప్పండి, ఈ దారుల్లో చేరే ముందు పెళ్ళి కాకూడదు, అది రూలే. ఇంట్లో సంబంధాలు ఆపడానికి దీనికంటే గట్టి కాగితం ఇంకోటి దొరకదు.

ఇంటర్ తో ఎన్డీఏ రాసేవాళ్ళకి ఇంకో తలనొప్పి ఉంది, దీన్ని ఎవరూ రాయరు. ఏప్రిల్ లో పరీక్ష రాస్తే కోర్సు జనవరిలో. మధ్యలో ఎంసెట్ వస్తాది, ర్యాంకు వస్తాది, కౌన్సెలింగ్ లో సీటొస్తాది, కాలేజీలో చేరతాం. చేరాలా వద్దా అని అడుగుతారు, చేరాల్సిందే, రాత పరీక్ష పాసైనంత మాత్రాన జాయినింగ్ లెటర్ వచ్చినట్టు కాదు, ఎస్ఎస్‌బీ, మెడికల్, మెరిట్ మూడు గండాలు ఇంకా ఉన్నాయి. కానీ చేరినాక కాలేజీ వాళ్ళు ఒరిజినల్స్ పెట్టుకుంటారు, టెన్త్ ఇంటర్ మెమోలు, టీసీ అన్నీ. బోర్డుకి ఒరిజినల్స్ కావాల. మా రూమ్మేట్ ఒకడు ఎస్ఎస్‌బీ పిలుపు చేతిలో పెట్టుకొని ఆఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగినాడు, మొత్తం ఫీజు కడితేనే ఇస్తామన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోగూడదని యూజీసీ 2018 లోనే చెప్పింది, ఆ కాగితం ప్రింట్ తీసుకొని, నాయిననో మామనో తోడు పెట్టుకొని పోండి, ఒక్కనివే పోతే రేపు రా అంటారు. వెరిఫికేషన్ అయినాక వెనక్కి తీసుకుంటామని చేరే రోజే రాసిచ్చి పెట్టుకుంటే ఇంకా సుఖం.

దుడ్ల సంగతి. ఏ దారిలో పోయినా ట్రైనింగ్ ఖర్చు ప్రభుత్వానిదే, సివిల్ పైలట్ అవ్వాలంటే ఎకరాలు అమ్మాల్సిన ఊళ్ళలో ఇది చిన్న మాట కాదు. అయితే మధ్యలో నా ఇష్టం లేదు అని వచ్చేస్తే ఖర్చు తిరిగి కట్టాలని ఎన్డీఏలో అమ్మానాన్నల దగ్గర బాండు రాయించుకుంటారు. అట్ల మధ్యలో వచ్చిన పిల్లోని చేతిలో డిగ్రీ కూడా ఉండదు, ఏఎఫ్‌క్యాట్ లో పోయి ఫ్లయింగ్ లో తేలనోనికి కనీసం బీటెక్ పట్టా ఇంట్లో ఉంటాది. ఎన్డీఏలో నాకు కనపడే అసలు రిస్కు ఇదే. ఆఫీసర్ అయినాక బేసిక్ 56,100 తో మొదలు, దాని మీద మిలిటరీ సర్వీస్ పే 15,500, పైలట్లకి వేరేగా ఫ్లయింగ్ అలవెన్స్, డీఏ అదీ ఇదీ. ఎన్డీఏ పిల్లోడు ఇది ఏఎఫ్‌క్యాట్ పిల్లోని కంటే రెండు మూడేళ్ళు ముందు చూస్తాడు, సీనియారిటీ కూడా అంతే ముందు.

ఇప్పుడు ఎవరు ఏం చెయ్యాల అంటే నా మాట ఇది. కండ్లు బాగుండి, కొలతలు సరిపోయి, ఇంటర్ లో ఉన్న పిల్లోడు ఎన్డీఏ రెండు మూడు సార్లు రాయాల్సిందే, పక్కన బీటెక్ సీటు వదలకుండా. ఎన్డీఏ కోసమని పూర్తిగా ఒక ఏడాది డ్రాప్ మాత్రం వద్దు, సెప్టెంబర్ పేపర్ కి బీటెక్ ఫస్టియర్ లో ఉండి కూడా చదవొచ్చు. ఫస్టియర్ మధ్యలో జాయినింగ్ లెటర్ వస్తే బీటెక్ వదిలేసి పోవాల్నా? పోవాల, అందులో ఆలోచించేదేముంది. జేఎన్టీయూ సీటు పోయిందని ఏడ్చేవాళ్ళకి ఖడక్‌వాస్లా సీటు విలువ తెలీదు. కళ్ళజోడు ఉన్నోడు, ఇంగ్లిష్ లో నోరు తెరవడానికి ఇంకా జంకే పిల్లోడు, ఇంట్లో నుంచి ఎప్పుడూ బయట ఉండనోడు, వీళ్ళకి ఏఎఫ్‌క్యాట్ నయం, నాలుగేళ్ళలో మనిషి మారతాడు, నేను మారినా. పద్దెనిమిదేళ్ళకి బోర్డులో నన్ను మీ ఊరి సమస్య ఏంది అని అడిగితే నీళ్ళు లేవు సార్ అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నా. ఇరవై రెండేళ్ళకి అయితే హంద్రీనీవా కాల్వ నుంచి మొదలుపెట్టి చెనక్కాయ రేటు దాకా అర్ధగంట చెప్పేవాన్ని.

బోర్డుకి మొదటిసారి పోయేవాళ్ళకి రైలు థర్డ్ ఏసీ ఛార్జీ వెనక్కి ఇస్తారు, టికెట్లు పారెయ్యొద్దు. బూట్లు మాత్రం కొత్తవి వేసుకొని పోవద్దు, రెండు వారాల ముందే కొని ఇంట్లో తిరగండి.

మా వానికి నిన్న ఇదంతా చదివి వినిపించినా. అంతా విని, మామా ఆ ఆల్టిమీటర్ లో పొట్టి ముల్లు దేనికి అన్నాడు. వేల అడుగులకి అని చెప్పినా. సాయంత్రం వాళ్ళమ్మ ఫోన్ చేసింది, గోడ మీద పెన్సిల్ గీతలేందిరా, మొన్ననే సున్నం వేయించినాం అని. 91 వచ్చిందంట.